ఒక సంచి ఇసుకతో కొండ అరుగుదల లెక్క: అనంతగిరి గెడ్డల దగ్గర మా అనుభవం

గోస్తనీ, శారద రెండూ అనంతగిరి కొండల్లోనే పుడతాయి. వాటిలోకి దిగే గెడ్డల (కొండవాగుల) వెంట కొండ ఎంత వేగంగా అరుగుతోందో తేల్చడం మా పని. తూర్పు కనుమల్లాంటి పాత కొండల్లో అరుగుదల వెయ్యేళ్లకు సెంటీమీటర్ల లెక్కలో ఉంటుంది. వాలులో ఇనుప చువ్వ పాతి పదేళ్లు కొలిచినా ఒక్క తుఫాను ఆ కొలతను తలకిందులు చేస్తుంది. అందుకే ఇసుకనే అడుగుతాం. గెడ్డలోంచి ఒక సంచి ఇసుక తెచ్చి, అందులోని పలుగురాయి (క్వార్ట్జ్) రేణువులను వేరు చేసి, గ్రాముకు బెరీలియం-10 పరమాణువులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాం. ఇసుక తీసిన రోజు నుంచి అంకె చేతికొచ్చేదాకా ఏం చేస్తామో, ఎక్కడెక్కడ చెడుతుందో ఇక్కడ రాస్తున్నాం. ఈ పనిలోకి కొత్తగా దిగే విద్యార్థులకు ఇది ఉపయోగపడాలని మా ఆశ.

ముందు ఆధారం ఏమిటో చెప్పాలి. విశ్వకిరణాలు గాలిపొరను ఢీకొన్నప్పుడు పుట్టే న్యూట్రాన్లు నేల దాకా వస్తాయి. పలుగురాయి అంటే సిలికాన్, ఆక్సిజన్. న్యూట్రాన్ తగిలి ఆక్సిజన్ కేంద్రకం పగిలినప్పుడు ఎప్పుడో ఒకసారి బెరీలియం-10 మిగులుతుంది. సముద్రమట్టంలో, ధ్రువాల వైపు అక్షాంశాల్లో, గ్రాము పలుగురాయిలో ఏడాదికి పుట్టేవి సుమారు 4 పరమాణువులు. మన అక్షాంశంలో భూమి అయస్కాంత క్షేత్రం కిరణాలను కొంత అడ్డుకుంటుంది కాబట్టి ఇంకా తక్కువ. ఎత్తుకు పోయేకొద్దీ పైనున్న గాలి తగ్గి మళ్లీ పెరుగుతుంది. 18 డిగ్రీల అక్షాంశంలో వెయ్యి మీటర్ల ఎత్తున రెండూ కలిపి చూస్తే సుమారు 5 అనుకోవచ్చు. రాతిలో 60 సెంటీమీటర్లు లోపలికి పోతే ఈ ఉత్పత్తి మూడో వంతుకు కాస్త పైన ఆగుతుంది, రెండు మీటర్ల కింద దాదాపు ఉండదు. కొండ నిదానంగా అరిగితే రేణువు ఈ పై పొరలో ఎక్కువ కాలం ఉండి ఎక్కువ పరమాణువులు పోగేసుకుంటుంది. వేగంగా అరిగితే తక్కువతోనే గెడ్డలో పడుతుంది. ఎత్తు, అక్షాంశాలను బట్టి ఉత్పత్తిని లెక్కకట్టే పద్ధతిని 1991లో ప్రచురించినది మన దేవేంద్ర లాల్. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో బెర్నార్డ్ పీటర్స్‌తో కలిసి విశ్వకిరణాల మీద పని మొదలుపెట్టి, తర్వాత అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి డైరెక్టరుగా చేసినాయన. ప్రపంచంలో ఏ మూల ఈ పని చేసినా లెక్క మొదలయ్యేది ఆయన సూత్రం దగ్గరే. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనిపించకపోవడం మాకు నిజంగా బాధ.

చోటు ఎంచుకోవడానికి మేం వారం పది రోజులు ఖర్చుపెడతాం. ఆ సమయం దండగ కాదు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటు, భువన్ నుంచి దించుకున్న కార్టోడెమ్ ఎత్తుల పటం, జియలాజికల్ సర్వే వారి రాళ్ల పటం, మూడూ ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తాం. 10 నుంచి 100 చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉన్న గెడ్డ కావాలి. అంతకన్నా చిన్నదైతే ఒక్క చరియ విరిగినా సగటు చెడిపోతుంది. మరీ పెద్దదైతే దారిలో పాత మేటల్లో వేల ఏళ్లు ఆగిన ఇసుక వచ్చి కలుస్తుంది. తాటిపూడి, రైవాడ జలాశయాల కింద తీసిన ఇసుకకు అర్థం లేదు, పైనుంచి వచ్చినదంతా జలాశయంలోనే ఆగిపోతుంది. రెండు గెడ్డలు కలిసే చోటికి కనీసం 200 మీటర్లు పైన తీయాలి, లేకపోతే వరదలో ఎదురు తన్నిన నీటితో పక్క గెడ్డ ఇసుక కూడా కలుస్తుంది.

ఘాట్ రోడ్డు మలుపుల కింద, వంతెనల దగ్గర అసలు తీయకూడదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొండను పది మీటర్ల లోతుకు తవ్వి ఆ మట్టిని పక్క లోయలోకి తోసేస్తారు. అంత లోతునుంచి వచ్చిన పలుగురాయిలో బెరీలియం-10 దాదాపు సున్నా. అది పదో వంతు కలిసినా అంకె పదో వంతు తప్పుతుంది. వంతెన కట్టడానికి వేరే నది నుంచి తెచ్చిన ఇసుక కూడా అక్కడే ఒలికి ఉంటుంది. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే రైలుమార్గం పక్క గెడ్డలకూ ఇదే జాగ్రత్త. కోతలు, సొరంగాల వ్యర్థాలు, వానాకాలంలో విరిగిపడే చరియలు ఆ దారి పొడవునా ఉన్నాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ కొండలు ఎంత దెబ్బతిన్నాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటి తుఫాను తర్వాత ఒకటి రెండు వానాకాలాలు ఆగి తీయడం మేలు.

జనవరి నుంచి మార్చి మధ్య నీరు తగ్గి మేటలు బయటపడతాయి. ముందు ఊరి పెద్దతో మాట్లాడి, ఏం తీస్తున్నామో ఎందుకో చెప్పి, ఒప్పుకున్నాకే గెడ్డలోకి దిగుతాం. ఈ కొండల్లో ఖనిజం పేరు చెప్పి వచ్చినవాళ్ల మీద అనుమానం ఉండడం న్యాయమే. పైన ఏ వాలులో ఏ ఏడు పోడు కొట్టారో, ఏ చరియ ఎప్పుడు విరిగిందో వాళ్లకు తెలిసినంత ఏ ఉపగ్రహ చిత్రంలోనూ దొరకదు.

ఒకేచోట గుంత తవ్వి తీయం. వంద మీటర్ల పొడవున ఐదారు మేటల నుంచి, నీరు ప్రస్తుతం పారుతున్న చోటే, పై ఐదు సెంటీమీటర్ల ఇసుకను చిన్న పారతో తీసి ఒక ప్లాస్టిక్ టబ్బులో కలుపుతాం. గట్టు కోసుకుపోయి పడిన మట్టి వద్దు. అక్కడే రెండు జల్లెడలు పెట్టి నీళ్లతో జల్లిస్తాం. పైది 850 మైక్రాన్లు, కిందది 250 మైక్రాన్లు. మధ్యలో నిలిచినదే మనకు కావాలి. అంతకన్నా సన్నది ఆమ్లంలో త్వరగా కరిగిపోతుంది. ముతకదైతే ఒకే రేణువులో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ అతుక్కుని ఉంటాయి. జల్లెడ పట్టాక తడి ఇసుక నాలుగైదు కిలోలు ఉండాలి. గుడ్డ సంచిలో పోసి, పెన్సిల్‌తో రాసిన చీటీ లోపల ఒకటి, మార్కరుతో బయట ఒకటి. మార్కరు రాత తడికి పోతుంది, పెన్సిల్ రాత పోదు. రెండు సంచుల చీటీలు తారుమారైతే ఆ తప్పును ఏ యంత్రమూ పట్టుకోలేదు.

ఇక ఈ కొండల అసలు చిక్కు. గెడ్డ ఇసుక పరీవాహకం మొత్తానికి సగటు అనే మాట, ప్రతి చదరపు మీటరూ సమానంగా పలుగురాయిని ఇస్తేనే నిజం. అనంతగిరిలో అలా ఉండదు. ఎక్కువ భాగం ఖొండలైట్. ఒడిశాలోని కోంధుల పేరు మీద 1902లో వాకర్ పెట్టిన పేరది. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, ఎర్రటి గార్నెట్, సూదుల్లాంటి సిల్లిమనైట్, చోట్లచోట్ల గ్రాఫైట్ కలిసిన రాయి. ఇది బాగా చీకిపోతుంది. వేలితో గీరితే రాలే పసుపు, ఎరుపు గరపగా మీటర్ల మందాన ఉంటుంది. పక్కనే చార్నొకైట్, నల్లగా గట్టిగా ఉండి బండలుగా నిలుస్తుంది, పలుగురాయి తక్కువ. బొర్రా గుహలున్న పాలరాయి, సున్నపు రాళ్లలో పలుగురాయి అంతంత మాత్రమే. అక్కడ కొండ ఇసుకగా రాలదు, నీళ్లలో కరిగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం కొండ నెత్తులు. గాలికొండ లాంటి చోట్ల ఖొండలైట్ లక్షల ఏళ్లు నానీ నానీ బాక్సైట్‌గా మారింది. బాక్సైట్ అంటే సిలికా కొట్టుకుపోగా మిగిలిన అల్యూమినియం. అంటే ఆ నెత్తిన పలుగురాయే కరిగిపోయింది. కనక గెడ్డలో మనం పట్టుకున్న ఇసుకలో వాలుల మాట ఉంటుంది కానీ నెత్తి మాట ఉండదు. గాలికొండ కింది గెడ్డ ఇచ్చే అంకెను ‘ఈ కొండ అరుగుదల’ అని రాసేస్తే తప్పు. ‘ఖొండలైట్ వాలుల అరుగుదల’ అని రాయాలి. ఈ ఒక్క విషయం తేలకుండా ప్రయోగశాలకు పోతే ఆరు నెలల పని ఏ ప్రశ్నకు జవాబో తెలియకుండా పోతుంది.

అందుకని రాళ్ల పటంలో ఏ రాయి ఎంత శాతం ఉందో కొలిచి, ఒక్కో రాతి నుంచి చిన్న ముక్కలు తెచ్చి సూక్ష్మదర్శిని కింద పలుచని కోతల్లో పలుగురాయి ఎంతుందో లెక్కపెట్టి, ఆ నిష్పత్తిలో ఉత్పత్తి సగటు కడతాం. వీలైతే ఒకే గెడ్డలో ఖొండలైట్ మాత్రమే ఉన్న చిన్న పాయ ఒకటి, చార్నొకైట్ మాత్రమే ఉన్నది ఒకటి, రెండూ కలిసిన కింది చోటు ఒకటి, మూడు సంచులు తీస్తాం. కింది అంకె పై రెంటి మధ్యలో రావాలి. రాకపోతే రోడ్డు మట్టో, చరియో, పాత మేటో కలిసిందన్నమాట.

ప్రయోగశాలలో మొదటి పని ఆరబెట్టడం, చేతి అయస్కాంతంతో మాగ్నటైట్ లాగేయడం. అయస్కాంతానికి కాగితం చుట్టి పట్టుకోవాలి, లేకపోతే అంటుకున్న పొడిని వదిలించడానికే గంట పడుతుంది. తర్వాత ఫ్రాంట్జ్ సెపరేటర్ (ఖనిజాలను అయస్కాంత బలంతో వేరుచేసే యంత్రం) మీద నాలుగైదు సార్లు పంపితే గార్నెట్, ఇల్మనైట్, నల్ల అభ్రకం పోతాయి. ఖొండలైట్ ఇసుకలో గార్నెట్ ఎంత ఎక్కువంటే, మొదటిసారి పంపినప్పుడు పక్క గిన్నెలో పడే కుప్ప గులాబీ రంగులో మెరుస్తుంది. భీమిలి తీరంలో ఎరుపు, నలుపు చారలుగా కనిపించే ఇసుక ఇదే, ఈ కొండల నుంచి దిగినదే.

ఆ తర్వాత వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 6 మోలార్, ఒక రాత్రి. రేణువుల మీది ఇనుప తుప్పు పసుపు రంగులో దిగుతుంది. ద్రావణం పసుపు తేలడం ఆగేదాకా మార్చాలి. ఇక్కడ గ్రాఫైట్ నల్లని తెట్టుగా పైకి తేలుతుంది, నెమ్మదిగా వంచి పారబోయొచ్చు.

ఫెల్డ్‌స్పార్‌ను తప్పించడానికి మాకు బాగా పనికొచ్చింది నురగ పద్ధతి. ఇసుకను ఒక గంట 1 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ఉంచి, కడగకుండా ఒంపేసి, లారిలమీన్ కలిపిన సోడానీళ్లు పోస్తాం, గ్యాసు నిండిన మామూలు సోడానీళ్లే. అందులో నీలగిరి తైలం రెండు చుక్కలు. ఫెల్డ్‌స్పార్, అభ్రకం రేణువులకు లారిలమీన్ పట్టుకుని వాటికి బుడగలు అంటుకుంటాయి. తెల్లటి రేణువులు గుంపులుగా పైకి లేచి నురగలో నిలబడతాయి. పలుగురాయి అడుగున అలాగే ఉంటుంది. పైనున్నది పక్క గిన్నెలోకి ఒంపి, మళ్లీ సోడా పోసి, ఏమీ తేలనంతవరకూ చేయాలి. తేలినదాన్ని వెంటనే పారేయొద్దు. బుడగలు మరీ ఎక్కువైతే పలుగురాయి కూడా చిక్కుకుని పైకి పోతుంది. సోడా గ్యాసు పోయి చప్పబడితే ఏదీ లేవదు, సీసా మూత తీసిన వెంటనే వాడాలి.

సిల్లిమనైట్ మాత్రం మొండి. అయస్కాంతానికి లొంగదు, పలచని ఆమ్లానికి కరగదు, నిండా అల్యూమినియం. దాని సాంద్రత 3.2, పలుగురాయిది 2.65. సాంద్రత 2.8 దగ్గర పెట్టిన సోడియం పాలీటంగ్‌స్టేట్ ద్రవంలో పోస్తే సిల్లిమనైట్, మిగిలిన గార్నెట్, టైటానియం ఖనిజమైన రూటైల్ మునుగుతాయి, పలుగురాయి తేలుతుంది. ఈ ద్రవం ఖరీదైనది. కడిగిన నీళ్లను కూడా పట్టి, ఆవిరి పట్టించి తిరిగి వాడుకోవాలి. దాన్ని కలపడానికి కుళాయి నీళ్లు వాడకూడదు, కాల్షియంతో కలిసి తెల్లగా విరిగిపోతుంది.

అప్పుడు అసలు శుద్ధి. లీటరు పాలీప్రొపిలీన్ సీసాలో 20 గ్రాముల ఇసుక, మిగతా అంతా 1 శాతం హైడ్రోఫ్లోరిక్, 1 శాతం నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం. 60 నుంచి 80 డిగ్రీల వేడిలో అల్ట్రాసోనిక్ తొట్టెలో పూటంతా. ఒంపి, కడిగి, మళ్లీ. కనీసం మూడుసార్లు, మా ఇసుకకు ఐదుసార్లు పట్టింది. ఇది రెండు పనులు చేస్తుంది. మిగిలిన ఫెల్డ్‌స్పార్‌ను కరిగిస్తుంది, రేణువుల పైపొరనూ ఒలిచేస్తుంది. ఆ పైపొర పోవడం తప్పనిసరి. గాలిలో పుట్టిన బెరీలియం-10 వానతో దిగి రేణువుల మీద పట్టి ఉంటుంది. అది చదరపు సెంటీమీటరుకు ఏడాదికి పది లక్షల లెక్కలో వస్తుంది. మనం వెతికేదేమో గ్రాముకు ఏడాదికి ఐదు. కాబట్టి బరువులో కనీసం 30 శాతం కరిగిపోయేదాకా ఆపం. ఆమ్లం పోసే ముందు, కడిగి ఆరబెట్టాక, రెండుసార్లూ తూచి రాసుకోవాలి.

సీసా అడుగున తెల్లటి జెల్లీలా ఏదైనా కనిపిస్తే ఫెల్డ్‌స్పార్ ఇంకా ఎక్కువ ఉందని గుర్తు. కరిగిన కాల్షియం, అల్యూమినియం ఫ్లోరైడ్లుగా మళ్లీ గడ్డకట్టి రేణువులను కప్పేస్తాయి. ఆ కప్పు కింద శుద్ధి ఆగిపోతుంది. అప్పుడు సీసాకు 10 గ్రాములే వేసి, మధ్యలో వేడి నీళ్లతో బాగా కడగాలి. చివరికి ఒక పావు గ్రాము కరిగించి ఐసీపీ (మూలకాల మోతాదు కొలిచే యంత్రం)లో అల్యూమినియం చూస్తాం. 100 పీపీఎం (పది లక్షల్లో వంద వంతులు) లోపు ఉంటే ముందుకు. 300 వస్తే మళ్లీ వెనక్కి. 300 వచ్చినా ఫరవాలేదని ముందుకు పోయిన ప్రతిసారీ తర్వాతి అడుగులో సమయం రెండింతలు పోయింది.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చర్మం మీద పడితే వెంటనే మంట పుట్టదు, గంటల తర్వాత లోపల ఎముక దగ్గర నొప్పి మొదలవుతుంది, ఒంట్లో కాల్షియాన్ని లాగేస్తుంది. గాఢమైనది అరచేతంత పడినా ప్రాణం మీదికి వస్తుంది. రెండు జతల గ్లౌజులు, ముఖానికి అడ్డం, ప్లాస్టిక్ ఏప్రాన్, చేతికందే చోట 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్, పక్కన ఇంకొక మనిషి, ఇవి లేకుండా సీసా మూత తీయకూడదు. గాజు సామాను దగ్గరకు రానీయకూడదు, ఈ ఆమ్లం గాజునే తింటుంది.

శుభ్రమైన పలుగురాయి 30 గ్రాములు తూచి, అందులో మామూలు బెరీలియం-9 ఉన్న క్యారియర్ ద్రావణం వేస్తాం. 250 మైక్రోగ్రాముల బెరీలియం వచ్చేలా, బరువు గ్రాములో పదివేలవ వంతు దాకా రాసుకుని. మొత్తం లెక్కకు కొలబద్ద ఇదే. ఇక్కడి నుంచి కొంత ఒలికినా నిష్పత్తి మారదు, ఈ చుక్క తూచడంలో తప్పితే మాత్రం అంతా తప్పుతుంది. బజారులో దొరికే క్యారియర్లో కూడా కొంచెం బెరీలియం-10 ఉంటుంది. లోతైన గనుల్లో విశ్వకిరణాలు తగలని బెరిల్ లేదా ఫెనకైట్ నుంచి తయారుచేసింది మేలు. మన గూడూరు అభ్రకం గనుల పెగ్మటైట్లలో దొరికే బెరిల్ కూడా ఇదే జాతి ఖనిజం. ప్రతి ఎనిమిది పది నమూనాలకూ ఇసుక లేని ఖాళీ సీసా ఒకటి అన్ని మెట్లూ ఎక్కాలి. అదే బ్లాంక్.

గ్రాముకు 5 మిల్లీలీటర్ల చొప్పున 48 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పోసి హాట్‌ప్లేట్ మీద పెడితే సిలికాన్ అంతా ఆవిరై పోతుంది. ఫ్లోరైడ్ పూర్తిగా పోవడానికి పర్‌క్లోరిక్ ఆమ్లంతో రెండు మూడుసార్లు పొగలు రానిస్తాం. దీనికి నీళ్లతో కడుక్కునే ప్రత్యేకమైన హుడ్ (పొగను బయటికి లాగే గూడు) కావాలి, మామూలు హుడ్‌లో చేస్తే పేలే ప్రమాదం. ఫ్లోరైడ్ మిగిలితే తర్వాత బెరీలియం గడ్డకట్టదు. ఈ పొగలతోనే బోరాన్ కూడా చాలావరకు పోతుంది. అది పోవడం అవసరం, ఎందుకంటే బోరాన్-10, బెరీలియం-10 బరువు దాదాపు ఒకటే, చివర బరువును బట్టి లెక్కపెట్టే యంత్రం రెంటినీ కలగలిపేస్తుంది.

కాలమ్‌ల పని రెండు రోజులు. కాలమ్ అంటే రెజిన్ గుళికలు నింపిన సన్నని గొట్టం, ద్రావణం పోస్తే మూలకాలు విడివిడిగా దిగుతాయి. మొదటిది అనయాన్ రెజిన్, ఇనుము పసుపు పట్టీగా అక్కడే ఆగుతుంది. రెండోది కేటయాన్ రెజిన్. దీని మీద మొదట 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క వేసి పోయాలి. ఖొండలైట్ పలుగురాయిలో వెంట్రుకల్లాంటి రూటైల్ సూదులుంటాయి, అందుకే టైటానియం ఎక్కువ. పెరాక్సైడ్ తగలగానే అది నారింజ రంగు పట్టీగా మారి మెల్లగా కిందికి దిగుతుంది. ఆ పట్టీ పూర్తిగా బయటికొచ్చి చుక్క రంగు లేకుండా పడేదాకా ఆగాలి. అప్పుడు 1.2 మోలార్ హైడ్రోక్లోరిక్ పోస్తే బెరీలియం వస్తుంది, 3 మోలార్‌తో అల్యూమినియం. తొందరపడి సీసా మారిస్తే టైటానియం తోక బెరీలియంలో పడుతుంది.

చివర అమోనియాతో పీహెచ్ 8, 9 మధ్యకు తెస్తే బెరీలియం హైడ్రాక్సైడ్ గడ్డకడుతుంది. 250 మైక్రోగ్రాములంటే ఎంత ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. ట్యూబును వెలుతురుకు అడ్డం పెట్టి తిప్పితే అడుగున నీటి కంటే రవ్వంత మసకగా, కలబంద గుజ్జులా కదులుతుంది. చిక్కగా తెల్లగా కనిపించిందంటే అందులో అల్యూమినియమో టైటానియమో ఉన్నట్టే, కాలమ్ మళ్లీ చేయాలి. సరిగ్గా ఉంటే కడిగి, క్వార్ట్జ్ మూసలో ఆరబెట్టి, 850 డిగ్రీల్లో కాలిస్తే ఆక్సైడ్ 0.7 మిల్లీగ్రాములు మిగులుతుంది, ఒక ఆవగింజంత కూడా కాదు. దీన్ని నియోబియం పొడితో కలిపి చిన్న రాగి లేదా అల్యూమినియం గొట్టంలో దట్టించి, పరమాణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే యాక్సిలరేటర్‌కు పంపుతాం. బెరీలియం ఆక్సైడ్ పొడి ఊపిరితిత్తులకు విషం, ఈ దట్టించే పని హుడ్ లోపలే.

మన దేశంలో ఈ కొలతకు ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఏర్పాటు ఉంది. యంత్రం ఇచ్చేది బెరీలియం-10కి బెరీలియం-9కి ఉన్న నిష్పత్తి. ఉదాహరణకు 30 గ్రాముల పలుగురాయిలో గ్రాముకు లక్ష పరమాణువులుంటే మొత్తం 30 లక్షలు. 250 మైక్రోగ్రాముల క్యారియర్లో పరమాణువులు 1.67 ఇంటూ పది ఘాతం 19. నిష్పత్తి 1.8 ఇంటూ పది ఘాతం మైనస్ 13. బ్లాంక్ 3 ఇంటూ పది ఘాతం మైనస్ 15 వస్తే తీసేయాల్సింది 2 శాతం లోపే, చింత లేదు. అదే హిమాలయంలో ఏడాదికి మిల్లీమీటరు అరిగే లోయ ఇసుక అయితే, ఉత్పత్తి 20 అనుకున్నా గ్రాముకు 12 వేలే ఉంటాయి. అదే బ్లాంక్ అక్కడ 14 శాతం అవుతుంది. అందుకే హిమాలయ ఇసుకకు 30 గ్రాములు చాలవు, 100 గ్రాములు కరిగించాలి.

అరుగుదల లెక్క చిన్నదే. న్యూట్రాన్ల జోరు దాదాపు మూడో వంతుకు తగ్గే మందం చదరపు సెంటీమీటరుకు 160 గ్రాములు. ఆ 160ని రాతి సాంద్రత 2.65తో భాగిస్తే 60 సెంటీమీటర్లు. దాన్ని ఉత్పత్తితో గుణించి పరమాణువుల సంఖ్యతో భాగించాలి. ఉత్పత్తి 5, సంఖ్య లక్ష అయితే ఏడాదికి 0.003 సెంటీమీటర్లు, అంటే వెయ్యేళ్లకు 3 సెంటీమీటర్లు. బెరీలియం-10 సగం జీవితకాలం సుమారు 13.9 లక్షల ఏళ్లు కాబట్టి ఇంత వేగం దగ్గర క్షయాన్ని పట్టించుకోనక్కర్లేదు. లోతుకు పోయే మ్యువాన్లు (విశ్వకిరణాల నుంచే పుట్టే మరో రకం కణాలు), కొండల నీడ, ఎత్తుల తేడా కలిపిన పూర్తి లెక్కకు ముందు పరీవాహకంలోని ప్రతి గడికీ ఉత్పత్తి కట్టి సగటు తీసి, తర్వాత క్రోనస్ లాంటి ఆన్‌లైన్ కాలిక్యులేటర్లో వేస్తాం. చేతి లెక్కకూ దానికీ 15 శాతం కన్నా తేడా వస్తే ఎత్తు అడుగుల్లో ఇచ్చామా, అక్షాంశం తప్పు వేశామా అని ముందు చూడాలి.

60 సెంటీమీటర్లు అరగడానికి ఆ వేగంతో 20 వేల ఏళ్లు పడుతుంది. మన అంకె ఆ 20 వేల ఏళ్ల సగటు. గత యాభై ఏళ్ల పోడు వల్లనో, కాఫీ తోటల వల్లనో అరుగుదల పెరిగిందా తగ్గిందా అని ఈ ఇసుకను అడిగితే జవాబు రాదు. దానికి వానాకాలమంతా గెడ్డలో బురదనీటిని పట్టి, వడకట్టి తూచే పని వేరే ఉంది. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టినప్పుడే మనిషి చేసిన మార్పు ఎంతో తెలుస్తుంది. పోడు వల్ల కొండ కరిగిపోతోందని బెరీలియం అంకె చూపించి రాసేవాళ్లను చూస్తే మాకు కోపం వస్తుంది, ఆ అంకె అలాంటి సాక్ష్యం చెప్పదు.

నీళ్లలో కరిగిపోయే వాటా మరో లెక్క. రాతిలో, పైన చీకిన మట్టిలో జిర్కోనియం కొలుస్తాం. జిర్కాన్ కరగదు కాబట్టి మిగతావి పోయేకొద్దీ దాని శాతం పెరుగుతుంది. రాతిలో 150 పీపీఎం, మట్టిలో 250 ఉంటే 40 శాతం కరిగి పోయిందని. ఖొండలైట్‌లో పొరపొరకూ జిర్కోనియం మారుతుంది, రెండు రాళ్లు చూసి ఈ లెక్క కట్టకూడదు. పది, పదిహేను రాళ్లు కావాలి.

ఇక మిగిలింది ఇసుకలో మాట లేని ఆ బాక్సైట్ నెత్తి. అక్కడ కూడా అడగడానికి ఒక దారి ఉంది. పాత ఖొండలైట్‌లో అడ్డంగా దూరిన పలుగురాయి చారలు, చుట్టూ ఉన్నదంతా బాక్సైట్ అయినా, దళసరిగా ఉంటే కరక్కుండా నేల మీద నిలబడి ఉంటాయి. వాటి పై మూడు సెంటీమీటర్లు ఉలి, సుత్తితో కిలో దాకా తీస్తాం. ప్రతి 30 డిగ్రీలకూ క్లైనోమీటరుతో చుట్టూ ఆకాశం ఎంత కనిపిస్తుందో, ముక్క మందం ఎంతో, చార నేలపైకి ఎంత ఎత్తు వచ్చిందో రాసుకోవాలి. అరమీటరు పైకి పొడుచుకొచ్చిన చార తన చుట్టూ ఉన్న నేల కన్నా నిదానంగా అరుగుతోందన్నమాట. అలాంటి దాంతో పాటు నేలకు సమంగా ఉన్నది ఇంకొకటి కూడా తీస్తేనే నెత్తి అరుగుదలకు పై హద్దు, కింది హద్దు దొరుకుతాయి.